ఇనుపరెక్క తలుపెందుకు తీశాడు

పెట్టె తాళం పగలగొట్టినా పుస్తకం దొరకలేదు.

దయాకర్ బట్టలు, సర్టిఫికెట్లు, తల్లి కట్టిచ్చిన సకినాల డబ్బా అన్నీ హాస్టల్ గదిలో నేలమీద పడి ఉన్నాయి. వాటి మధ్య బూట్లతో నిలబడ్డాడు అచ్యుతరామయ్య. తార్నాకలో సొంత ఫ్లాటు, పరిశోధనా సంస్థలో ముప్ఫై రెండేళ్ల సర్వీసు, రిటైరైనా తగ్గని గొంతు.

"ఎక్కడో దాచేసుంటాడు. రాసుకోండి వార్డెన్ గారూ," అన్నాడు. "మా ఇంటివాళ్లు కాక మా అబ్బాయి గదిలోకి వచ్చింది ఈ కుర్రాడొక్కడే."

వార్డెన్ పేరయ్య రిజిస్టరు మీద కాగితం పెట్టి దయాకర్ పేరుతో ఫిర్యాదు రాయసాగాడు. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. రోడ్డుమీద బస్సు లేదు, క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు తప్ప మనిషి లేడు. ఫిర్యాదు మీద సొంతదారు సంతకం పడిన నిమిషంలో అది గేటు దగ్గరున్న ఎస్సై చేతికి పోతుంది.

దయాకర్ మీద అప్పటికే రైల్ రోకో కేసు ఉంది. లెక్చరర్ ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చే వారం. ఉద్యమం కేసునైతే రేపు ప్రభుత్వమే ఎత్తేయొచ్చు. దొంగతనం కేసును ఎవడూ ఎత్తేయడు.

"సార్, నేను తీయలే," అన్నాడు దయాకర్. "నా పెట్టెల లేదు, నా మంచం కింద లేదు. ఇంకెక్కడ చూస్తరు?"

ఇంతా చేసి పోయింది ఒక బొమ్మల పుస్తకం. రెండు కంపెనీల హీరోలు, ఇనుపరెక్క, భూకంపుడు, ఒకే కథలో చేతులు కలిపిన ఆరు సంచికల సిరీస్. ఐదో సంచిక చివర్లో ఇనుపరెక్క సంధి తెంచేసి శత్రువు విషరాజుకు కోట తలుపు తీశాడు. ఎందుకు తీశాడు? ఈ ఒక్క ప్రశ్న మీద బొమ్మల కథల క్లబ్బులోని గడ్డాలు పెరిగిన పాతికమంది రెండు నెలలుగా క్యాంటీన్ బల్లలు గుద్దుతున్నారు. రాష్ట్రం రెండు ముక్కలవుతుందా లేదా అని దేశమంతా చూస్తుంటే, వీళ్లకు లోదుస్తులు పైన వేసుకున్నవాడి మనసు కావాలి!

అచ్యుతరామయ్య కొడుకు సాత్విక్ ఆ సిరీస్‌కు తెలుగు మాటలు రాస్తాడు. అచ్చుకు వెళ్లని ఆరో సంచిక ఇంగ్లీషు ప్రూఫు మంగళవారం కొరియర్‌లో వచ్చింది. ఉన్నది ఆ ఒక్క కాపీ. సాత్విక్ ఒకసారి చదివి బల్లమీద పెట్టాడు. ముందే చదివినవాడు కథ గురించి పెదవి విప్పకూడదన్నది వాళ్ల క్లబ్బు నియమం. కాబట్టి ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. బుధవారం దయాకర్ ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడు. గురువారం ప్రూఫు మాయం.

ఇప్పుడా సాత్విక్ తలుపు దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. స్నేహితుడి పెట్టె పగులుతుంటే చూస్తూ ఊరుకున్న వీరుడు.

"ఇనుపరెక్క అభిమాని కదా," అన్నాడు పక్కింటి శశిభూషణ్, భూకంపుడి అభిమాని. సాక్ష్యం చెప్పడానికని వచ్చి వినోదం చూస్తున్నాడు. "నమ్మినవాళ్ల ఇంటికి కన్నం వెయ్యడం గురువు దగ్గరే నేర్చుకునుంటాడు."

ఉద్యోగం పోతుందంటే కూడా గొంతు పెంచని దయాకర్ ఆ మాటకు మంచం మీంచి లేచాడు.

"ఏంది? ద్రోహి ఎవడ్రా? సంధి అంటే మాట. మాట తప్పింది భూకంపుడు. ఐదు సంచికలు ఇనుపరెక్కని కోట బయట కావలి పెట్టి, లోపల కుర్చీలన్ని మీరే పంచుకుంటిరి!"

"కుర్చీ కోసమే తలుపు తీశాడన్నమాట! ఒప్పుకున్నావుగా."

"కుర్చీ కాదు బై, ఇజ్జత్!"

"ఇజ్జత్ ఉన్నవాడు విషరాజుతో కలుస్తాడా?"

"మీరు కలుపుకోకపోతే ఎవనితోని కలవాలె?"

ఒకడి బతుకు బుగ్గిపాలు కాబోతోంది. వాడే వాదిస్తున్నాడు, రెక్కలున్న బొమ్మ తరఫున. పేరయ్య కలం పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

అచ్యుతరామయ్య ఇద్దరి మధ్యకు వచ్చాడు. ముప్ఫై రెండేళ్లు కిందివాళ్ల రిపోర్టుల్లో తప్పులు కొట్టేసిన మనిషి. తప్పుడు వాదన చెవిన పడితే ఒళ్లు మండిపోతుంది.

"నోర్ముయ్యండి, ఇద్దరూ గాడిదలే!" అన్నాడు. "కుర్చీ ఏవిటి, ఇజ్జత్ ఏవిటి? చెల్లెల్ని ఉప్పుగనిలో గొలుసులతో కట్టేసి ఉంచితే తలుపు తియ్యక ఏం చేస్తాడు వాడు? ఆ మాత్రం తెలీదూ?"

శశిభూషణ్ నవ్వాడు. "చెల్లెలెక్కడిది అంకుల్? ఇనుపరెక్క అనాథ. మొదటి సంచికలోనే ఉంది."

"ఆఁ... ఇలాంటి చెత్తలో ఎవత్తో ఒక చెల్లెలు ఉండి చస్తుందిగా. ఊరికే అన్నాను."

సాత్విక్ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

చెల్లెలు. ఉప్పుగని. గొలుసులు. మూడూ ఆరో సంచిక ముప్ఫై ఒకటో పేజీలోనే ఉన్నాయి. ఆ పేజీకి మాటలు తనింకా రాయనే లేదు.

తండ్రి వైపు చూశాడు. హాస్టల్ మంద తన గుమ్మం తొక్కకూడదని నెలరోజులుగా ఇంట్లో రోజూ సాగుతున్న పోరు. ఈ బొమ్మల రాతలు మానేసి బ్యాంకు పరీక్షలు రాయమని పోరు. ఒకే పుస్తకంతో రెండూ తీరిపోతాయి. పారేసి ఊరుకుంటే సరిపోయేది. చిన్నపిల్లల చెత్త అని తిడుతూ తిడుతూ మొత్తం చదివాడు పెద్దమనిషి!

అచ్యుతరామయ్యకు కొడుకు చూపు అర్థమైంది. పేరయ్య ముందున్న ఫిర్యాదు కాగితం లాగి వాడి చేతిలో కుక్కాడు.

"సంతకం పెట్టు. మిగతాది ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు గొంతు తగ్గించి. జన్మలో మొదటిసారి తగ్గింది ఆ గొంతు.

"ఈ కాగితం తప్పు సార్," అన్నాడు సాత్విక్ వార్డెన్‌తో. నిలువునా చించాడు. "ఇంకోటి రాయండి."

"సాత్విక్!"

"తప్పేంటి బాబూ?" అన్నాడు పేరయ్య. "పుస్తకం పోలేదా?"

"పోయింది."

"దొంగ తెలుసా?"

"తెలుసు."

"పేరు చెప్పు మరి."

దయాకర్ కింద పడ్డ సర్టిఫికెట్లు ఏరుతున్నవాడు ఆగాడు.

"ముక్కామల అచ్యుతరామయ్య," అన్నాడు సాత్విక్. "మా నాన్న."