మూడో అర

మా పనిగదిలో కిటికీ కింద ఒక చెక్క పెట్టె ఉంది. దానికి మూడు అరలు. మొదటిది మా తమ్ముడిది, రెండోది మా ఆయనది, మూడోది నాది. పెన్ను ఎవరి చేతిలో చెడితే వాళ్ల అరలో పడాలి. ఈ పద్ధతి పెట్టింది మా ఆయనే. తప్పన్నాక దానికో తండ్రి ఉండాలంటాడు.

మా పెన్నులు మామూలువి కావు. తేనెపట్టులా గదులు గదులుగా ఉండే పల్చటి అల్యూమినియం రేకు దొరుకుతుంది. తమ్ముడు దాన్ని వేలెడు ముక్కలుగా కోసి, అచ్చులో నిలబెట్టి, గదుల్లోకి దిగేలా రెసిన్ పోస్తాడు. అది గట్టిపడ్డాక మధ్యలో రంధ్రం వేసి, ఇత్తడి గొట్టానికి జిగురు పూసి అందులోకి దించుతాడు. మా ఆయన ఆ ముక్కను లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతాడు. ఆఖర్న నేను నీళ్లు చల్లుకుంటూ ఎమరీ కాగితాలతో రుద్ది మెరుగు పెడతాను.

పోతలో గాలి బుడగ చిక్కితే అది తమ్ముడి అరలోకి. ఉలి ఆత్రపడి రేకు చిరిగితే మా ఆయన అరలోకి. మెరుగు మసకబారితే నా అరలోకి. తమ్ముడి అర నిండి పొర్లుతోంది. మా ఆయనది సగం దాకా వచ్చింది. నాది నాలుగేళ్లుగా ఖాళీ. రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డపెట్టి తుడుస్తాను కూడా. ఏమీ లేనిదానికి ఇంత సేవ ఎక్కడా చూడలేదని తమ్ముడు నవ్వుతుంటాడు.

వాణ్ణి మా ఆయన ‘బుడగలయ్య’ అంటాడు. మొదట్లో ఆ మాటకి అందరం నవ్వేవాళ్లం. ఈమధ్య అందులో ఉప్పు తగ్గి కారం ఎక్కువైంది. బల్లల మీద రెసిన్ పోసే కార్ఖానా ఒకటి తమ్ముణ్ణి రమ్మంటోంది. వెళ్లనని వాడు అనడు, ఉండమని మా ఆయన అనడు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని.

ఇంతలో ఒక డాక్టరమ్మ తనకు చదువు చెప్పిన మేష్టారికి ఇవ్వడానికి పెన్ను అడిగింది. రెసిన్‌లో రంగు కలపొద్దట. నీళ్లలా తేటగా ఉండాలి, అడుగున నలుపు, ఆ నలుపు మీద వెండి గదులు కనపడాలి. రంగు రెసిన్‌కైతే గొట్టం ఎలా ఉన్నా కనపడదు. తేటదానికి మాత్రం గొట్టానికి ముందే నల్లరంగు వేసుకోవాలి. అందుకని తమ్ముడు నల్ల గొట్టాలు ఒక డబ్బాలో, ఉత్తవి ఇంకో డబ్బాలో పెట్టుకుంటాడు.

ఆ ఉదయం వాడు బజారుకు వెళ్లాడు. మా ఆయన అటు తిరిగి ఉలికి సాన పెట్టుకుంటూ ఇంకా ఎంతసేపని గొణుగుతున్నాడు. రంధ్రం వేసిన ముక్క బల్ల మీద తయారుగా ఉంది. వాడొచ్చేదాకా ఎందుకని నేనే గొట్టం తీసి, జిగురు పూసి దించేశాను. కోసిన రెసిన్ పైకి తెల్లగా, గంజిలా ఉంటుంది. అది తేటదన్న సంగతి తట్టలేదు. రోజూ తమ్ముడు తీసే ఉత్త గొట్టాల డబ్బాలోకే నా చెయ్యీ పోయింది.

మధ్యాహ్నం మా ఆయన చాలా ఓపిగ్గా చెక్కాడు. ఒక్క గదీ చిరగలేదు. ముక్క నా చేతికొచ్చింది. మూడో కాగితం దగ్గర నీళ్లు చల్లగానే గదుల అడుగున పచ్చగా ఏదో మెరిసింది. కిటికీలోంచి పడే ఎండేమో అనుకున్నాను. నీడలోకి తీసుకెళ్లి చూశాను. ఇత్తడి.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అది లాక్కుని, అప్పటికి బజారు నుంచి వచ్చిన తమ్ముడి ముందు పెట్టాడు. గొట్టం ఎవరు దించారని అడగలేదు. అది ఎవరి పనో ఈ గదిలో గోడలకి కూడా తెలుసు.

తమ్ముడు పెన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ గొట్టం తను దించలేదని వాడికి తెలుసు. నావైపు చూశాడు. తర్వాత నా అర వైపు చూశాడు.

“నల్లది అనుకుని ఉత్తది పెట్టినట్టున్నా బావా,” అన్నాడు.

నేను చెప్పాలి. నాలుగేళ్ల ఖాళీ నా నాలుక మీద ఎక్కి కూర్చుంది.

“ఆ కార్ఖానాకే పోరా బుడగలయ్యా,” అన్నాడు మా ఆయన. “అక్కడైతే నువ్వేం పోసినా పైన గుడ్డ కప్పుకుంటారు.”

తమ్ముడు పెన్ను తన అరలో పెట్టబోయాడు. చోటు లేక జారి కిందపడింది. వంగి తీసి, మిగతావాటి మధ్య ఇరికించాడు. తర్వాత ఏప్రన్ విప్పి, రెసిన్ తూచే చిన్న కాటాను అందులో చుట్టడం మొదలుపెట్టాడు.

వాడు చుడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నాకు అప్పుడు తెలిసొచ్చింది. మెరుగు మసకబారితే నేను మళ్లీ రుద్దుకుంటాను. పోసినవాడు బుడగని బయటికి తియ్యలేడు, చెక్కినవాడు చిరిగిన రేకుని అతికించలేడు. దిద్దుకునే వీలు నా ఒక్కదాని పనికే ఉంది. దాన్ని నా పనితనం అనుకుని ఇన్నాళ్లూ అర తుడుచుకుంటున్నాను.

తమ్ముడి అరలోంచి ఆ పెన్ను లాగి నా అరలో వేశాను. ఖాళీది కదా, ఠంగుమని మోగింది.

“గొట్టం దించింది నేను. వాడప్పుడు బజార్లో ఉన్నాడు.”

మా ఆయన ఉలి కింద పెట్టాడు. “మరి వీడెందుకు తనదన్నాడు?”

“అక్క ఆ అరని రోజూ తుడుచుకుంటుంది కదా బావా,” అన్నాడు తమ్ముడు. “మైల పడుతుందని.”

ఆ మాటకి నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. మా ఆయన క్షమించమని అడిగే రకం కాదు. రేకు ఇంకా ఎంత మిగిలిందని మాత్రం అడిగాడు.

“ఒక్క పెన్నుకి వస్తుంది. నువ్వు ఆత్రపడకపోతే,” అన్నాడు తమ్ముడు.

“ఆ కాటా చుట్టి పెడితే రెసిన్ దేంతో తూస్తావు?” అన్నాడు మా ఆయన.

తమ్ముడు ఏప్రన్ మూట విప్పి కాటాను బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మకి ఫోన్ చేసి నాలుగు రోజులు గడువు అడిగింది నేనే. ఏమైందని అడిగితే నా చేతిలో చెడిందని చెప్పాను. రెండోసారి చెప్పడం అంత కష్టం కాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో బుడగలయ్య లేడు. మా ఆయన వాణ్ణి పేరుపెట్టే పిలుస్తున్నాడు. ‘ఇత్తడమ్మా’ అని పిలిస్తే మాత్రం నేను పలకాలి.