పప్పు ఉడకని నీళ్లు

రండమ్మా, ఇటు దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే పక్కన పెట్టక్కర్లేదు, చెవి ఒక్కటి ఇటు పడేస్తే చాలు. ఒక జీపు సంగతి చెప్తాను. ఆ జీపు ముందర అడ్డంగా నిలబడ్డ సారమ్మ సంగతి.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఆళ్లగడ్డలో కాలవగట్టు పక్కన చిన్న మిషన్ దవాఖానా ఒకటుండేది. మూడు గదులు, ఒక వరండా, వెనక ఒక బావి. సారమ్మ అక్కడ ఆయా. చదువు రెండో తరగతితో ఆగింది గానీ, కానుపు చేయడంలో ఆమె చేతికి పేరుండేది. తమ్ముడు యేసుదాసు ఆ దవాఖానా జీపుకి డ్రైవరు. పటాలం వాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపు అది. బుధవారం, శనివారం అక్కాతమ్ముళ్లిద్దరూ మందుల పెట్టె వేసుకుని నల్లమల కింద గూడేలకు పోయేవాళ్లు. రోడ్డనేది రుద్రవరం దాటేదాకానే. ఆ తర్వాత పత్తిచేలలో బండిజాడ, ఒక ఇసుకవంక, అంటే ఎండిన వాగు, ఆపైన గుండ్రాళ్ల ఎత్తు.

ఆ యేడు సంక్రాంతి పోయినప్పటి నుంచి జీపుకి ఏదో దయ్యం పట్టినట్టయింది. వంకలో దిగితే చాలు, ఇంజను వేడి చూపించే సూది ఎర్రగీత దాటేది, మూత కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచేది. చల్లారేదాకా కూర్చోవాలి, క్యానులో నీళ్లు పొయ్యాలి, మళ్లీ కదలాలి, మళ్లీ ఉడకాలి. ఒక బుధవారం అట్లా వంకలోనే రెండు గంటలు నిలబడిపోయారు. అదే పూట గూడెంలో ఓబయ్య కోడలికి నొప్పులు వచ్చాయి. జీపు వస్తుందని చూసి చూసి, ఇక లాభం లేదని మంచం మీద వేసుకుని నలుగురు ఎదురు నడిచారు. వంక ఒడ్డుకు వచ్చేసరికి ఆ కోడలిపిల్లలో ప్రాణం లేదు. ఆ మంచాన్ని సారమ్మ కళ్లారా చూసింది. ఓబయ్య ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

దవాఖానా కమిటీకి సెక్రెటరీ జ్ఞానప్రకాశం సారు. రిటైరైన హెడ్మాస్టరు. నిఖార్సయిన మనిషి, కానీ ఒకసారి అన్నాడంటే రాతిమీద గీతే.

“బండి ముసలిదైపాయ. డ్రైవరు అంతకంటే మొద్దు. నంద్యాల షావుకారు కాశీవిశ్వనాథం అడుగుతాండాడు, ఇచ్చేద్దాం. రోగమొచ్చినోళ్లు ఆళ్లగడ్డకే నడిచి వస్తారు” అన్నాడు.

“నొప్పులొచ్చిన ఆడది పదైదు మైళ్లు యాడ నడుస్తాది సారూ?” అంది సారమ్మ.

“దేవుడు చూసుకుంటాడు.”

“దేవుడు చూసుకునేదానికే కదా జీపిచ్చింది!”

సారు అద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బండి అప్పజెప్పాలని నిర్ణయమైపోయింది. అమ్మే ముందు కనీసం నడిచేటట్టు చేయించి తెమ్మని యేసుదాసును నంద్యాల పంపారు. తనను ఎవరూ పొమ్మనకపోయినా సారమ్మ తానూ ఎక్కి కూర్చుంది.

నంద్యాలలో బస్టాండు అవతల లక్ష్మీనారాయణ షెడ్డు. అతను రేడియేటరు అడుగున మర విప్పాడు. తుప్పునీళ్లతో పాటు తెల్లని పెచ్చులు జలజలా రాలాయి.

“గొట్టాలన్నీ పూడుకుపోయినాయప్పా. నీళ్లు తిరిగేదానికి దావ ల్యా. కొత్తది మద్రాసు నుంచి రావాల. ఆదివారానికి యాడైతాది?”

సారమ్మ వంగి ఒక పెచ్చు తీసింది. వేళ్ల మధ్య నలిపి చూసింది. నోట్లో వేసుకుని పంటికింద కొరికింది.

“ఏందక్కా, తుప్పు తింటాండావ్? తమ్ముడు అన్నం పెట్టడం ల్యా?”

“తుప్పు కాదు నాయనా, సున్నం. మా కుండల అడుగున పట్టేది ఇదే. రాగిచెంబుకు పట్టేదీ ఇదే.”

“చెంబుకు పడితే ఏం చేస్తావ్?”

“చింతపండు పెట్టి తోముతా.”

“చెంబులోకి చెయ్యి పోతాది. దీంట్లోకి చీమ కూడా దూరదు.”

“చెయ్యి పోకుంటే పులుసు పోతాది.”

లక్ష్మీనారాయణ పడీపడీ నవ్వాడు. “ఓరే యేసుదాసూ! మీ అక్క జీపుకు చారు పెడతాదంట. రెండు మిరియాలు కూడా వెయ్యక్కా!”

“ముందు పొయ్యి చూపించు. తాలింపు నీ నెత్తిన పెడతా” అంది సారమ్మ.

నవ్వుతూనే పొయ్యి చూపించాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ సున్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. దవాఖానా కాంపౌండులో కాపురమున్న ప్రతి ఆడదానికీ తెలుసు. తెలియనిది మగవాళ్లకే.

దవాఖానా వెనక బావి ఉందన్నానే, దాన్ని ప్రార్థన బావి అనేవాళ్లు. పదకొండేళ్ల కిందట కరువులో ఊరి బావులన్నీ ఎండిపోతే, జ్ఞానప్రకాశం సారు మూడు దినాలు ఉపవాసముండి, పదిమందిని కూడగట్టి, నాపరాతి పొర పగలగొట్టి తవ్వించాడు. ముప్పై రెండు అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఆనాడు అందరూ ఏడ్చారు. అప్పటి నుంచి ఆ నీళ్లంటే భక్తి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక బకెట తోడి, ప్రార్థన చేసి, జీపులో పొయ్యడం ఆచారం. దారిలో పోసే క్యానులో కూడా ఆ నీళ్లే ఉండాలి, వేరేవి ముట్టించకూడదు.

అయితే ఆ నీళ్లతో కందిపప్పు ఉడకదు. పొద్దున పొయ్యిమీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. దేవుడిచ్చిన నీళ్లకు వంక పెట్టడమెట్లా? అందుకని ఆడవాళ్లు నోరు మూసుకుని తెల్లారకముందే కాలవకు పోయి వంటకు బిందె తెచ్చుకునేవాళ్లు. ఇసక మురికి దిగేదానికి ఇండుపగింజ అరగదీసి వేసేవాళ్లు. బావినీళ్లు తాగేదానికి, కాలవనీళ్లు వండేదానికి. జీపు మాత్రం పదకొండేళ్లూ బావినీళ్లే తాగింది. ఉడికినకొద్దీ నీళ్లు తగ్గేవి, తగ్గినకొద్దీ మళ్లీ అవే పోసేవాళ్లు, పోసినకొద్దీ సున్నం పేరేది. పేరినకొద్దీ ఇంకా ఉడికేది.

షెడ్డులో ఆ శుక్రవారం రెండు సేర్ల పాత చింతపండు మరిగింది. పిప్పి ఒక్కటి పోయినా గొట్టానికి అడ్డం పడుతుందని సారమ్మ పాత చీరతో మూడుసార్లు వడగట్టింది. పోసి, ఇంజను మెల్లగా అరగంట తిప్పి, చల్లార్చి, వదిలారు. మొదటిసారి గంజిలాగా వచ్చింది. రెండోసారి మజ్జిగలాగా. మూడోసారికి లక్ష్మీనారాయణ నవ్వడం మానేసి తానే గిన్నె పట్టాడు.

“ఇప్పుడు బాగా కడగాలక్కా. పులుపు లోపల మిగిలితే అతుకులు తినేస్తాది” అన్నాడు. నాలుక మీద వేసుకుంటే పులుపు తగలనంతదాకా అక్కడి కాలవనీళ్లతో కడిగారు. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, వదులుందని అతనే బిగించాడు. సారమ్మ చీపురుపుల్ల పట్టుకుని రేడియేటరు రేకుల సందుల్లో ఇరుక్కున్న పత్తి దూదినంతా ఒక్కొక్క పోగే లాగింది. ఒక దిండు కుట్టుకునేంత దూది వచ్చింది.

“ఈ బోర్డు కూడా పీకెయ్యి నాయనా” అంది. జీపు మూతికి అడ్డంగా పెద్ద రేకుబోర్డు ఉండేది, దాతల పేర్లు రాసింది. మొదటి పేరు జ్ఞానప్రకాశం సారుదే.

యేసుదాసు హడలిపోయాడు. “అక్కా, సారు నన్ను తంతాడు!”

“వేడన్నం ఆరాలంటే పళ్లెంలో పరిచి విసురుతామా, మూత పెడతామా? పీకరా. తంతే నన్ను తన్నమను.”

ఆదివారం వచ్చింది, ఆ నెలకు మొదటిది. ఆరాధన అయింది. జనమంతా వరండా ముందర చేరారు. నంద్యాల నుంచి వచ్చిన షావుకారు కాశీవిశ్వనాథం నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జ్ఞానప్రకాశం సారు తెల్లపంచె కట్టుకుని, బావి నుంచి బకెట తెప్పించి, జీపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

“బోర్డేదీ?”

“వెనక కట్టించినా సారూ. ముందర గాలికి అడ్డమొస్తాంది” అంది సారమ్మ.

“ఎవుర్నడిగి కట్టించినావ్?” అంటూనే సారు బకెట ఎత్తాడు. సారమ్మ పోయి జీపు ముందర నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి మూతను గట్టిగా పట్టుకుంది.

“ఆ నీళ్లు పొయ్యనీను.”

జనంలో కలకలం రేగింది. ఎవరో “సారమ్మా, నీకేమన్నా పిచ్చా?” అన్నారు.

“ఇవి ప్రార్థన చేసిన నీళ్లు” అన్నాడు సారు, ఒక్కొక్క మాటా విడదీసి.

“కాదన్ల్యా సారూ. నేనూ తాగుతాండా, నా బిడ్డలూ తాగినారు. దేవుడు ఈ నీళ్లను తాగేదానికి ఇచ్చినాడు, ఇంజన్లో పొయ్యమన్ల్యా. వీటిలో సున్నముంది. ఆ సున్నమే జీపు గొంతు పూడ్చింది. నా తమ్ముడు మొద్దు కాదు, బండి ముసలిది కాదు.”

“పదకొండేండ్ల నుంచి ఎవురూ అనని మాట నువ్వంటాండావే! నీకెవురు చెప్పినారు?”

“పప్పు చెప్పింది.”

కొందరు నవ్వారు. సారు మొహం ఎర్రబడింది. సారమ్మ వెనక్కి తగ్గలేదు. గుంపులో ఆడవాళ్ల వైపు తిరిగింది. ముందు వరసలో సారు భార్య పరంజ్యోతమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“పరంజ్యోతమ్మా, నువ్వు చెప్పు తల్లీ. మీ ఇంట్లో పప్పు ఏ నీళ్లతో వండుతావు?”

పరంజ్యోతమ్మ మొగుడిని చూసింది, బకెటను చూసింది. చివరికి కొంగు తీసి గట్టిగానే అంది: “కాలవ నీళ్లతో. మొదట్నుంచీ.”

“నాకెందుకు చెప్పల్యా?” అన్నాడు సారు.

“పప్పు ఉడికింది, మీరు తిన్నారు. అడగల్యా, చెప్పల్యా.”

ఆ మాటతో మిగిలిన ఆడవాళ్లకు నోళ్లు వచ్చాయి. మేమూ అంతే, మేమూ అంతే. సారు బకెట కింద పెట్టాడు గానీ పంతం దించలేదు.

“సరే. నీళ్లదే తప్పయితే బండి ఇప్పుడు బాగయిండాల. గూడేనికి పోయి రమ్మను చూస్తాం. రేపు.”

“రేపెందుకు? ఇప్పుడే. మీరూ ఎక్కండి.”

“ఆదివారం దవాఖానా పనికి బండి కదలకూడదు.”

“గుంటలో పడిన గొర్రెను విశ్రాంతిదినాన తియ్యరా సారూ? మీరు చెప్పిన పాఠమే. ఉడికితే జీపుతో పాటు నేనూ పోతా. రేపట్నుంచి ఈ గేటు తొక్కను. ఉడక్కపోతే జీపు అమ్మకూడదు.”

జ్ఞానప్రకాశం సారు ముందు సీట్లో ఎక్కాడు. షావుకారు కుర్చీలోంచి లేవలేదు. “పోయి రాండి, నాకేం తొందర ల్యా” అన్నాడు.

రుద్రవరం దాటారు. పత్తిచేలు దాటారు. ఇసుకవంకలో యేసుదాసు చిన్న గేరు వేసి, తొందరపడకుండా, ఆపకుండా లాగాడు. సూది నడిమధ్యనే ఉంది. వంక దాటి గుండ్రాళ్ల ఎత్తు మొదలైంది. మిట్టమధ్యాహ్నం ఎండ. సగం ఎక్కేసరికి సూది కదిలింది. మెల్లగా, ఎర్రగీత వైపు.

“చూస్తివా? ఆపు! ఇంజను ఆపెయ్!” అన్నాడు సారు.

“బండి ఆపు తమ్ముడూ, ఇంజను ఆపొద్దు” అంది వెనక నుంచి సారమ్మ. “మూతి గాలివైపు తిప్పు. బానెట్టు ఎత్తు.”

“ఆపకుంటే కాలిపోతాది!”

“పొయ్యి మీంచి దించిన కుండ కూడా ఇంకొంచెంసేపు ఉడుకుతాది సారూ, విసిరేవాళ్లు లేకుంటే. ఫ్యాను తిరగనీ. నీళ్లు తిరగనీ.”

యేసుదాసు చెయ్యి తాళం మీదికి పోయింది. అటు సెక్రెటరీ, ఇటు అక్క. చెయ్యి తీసేసి, బండి మూతి గాలివైపు తిప్పి, బానెట్టు ఎత్తాడు. ఇంజను మెల్లగా గురగురలాడుతూనే ఉంది. సారమ్మ సూదిని చూడలేదు, కొండను చూస్తూ కూర్చుంది. సూదిని చూసింది జ్ఞానప్రకాశం సారు. పది నిమిషాలు కన్నార్పకుండా చూశాడు. అది వచ్చిన దారినే వెనక్కి దిగింది.

మళ్లీ చిన్న గేరులో, ఇంకా నిదానంగా, ఎత్తు మొత్తం ఎక్కారు. మూత కింద ఆవిరి చుక్క లేదు.

గూడెం మొదట్లో ఓబయ్య మేకలకు ఆకు కొడుతున్నాడు. జీపును చూశాడు, ముందు కూర్చున్న పెద్దమనిషిని చూశాడు, దగ్గరికి వచ్చాడు.

“ఇంత బేగా వస్తాదా సారూ ఈ బండి? పోయిన నెల వచ్చింటే బాగుండు.”

అంతే అని మళ్లీ ఆకు కొట్టుకోవడానికి పోయాడు. సారు కిందికి దిగలేదు. ఆళ్లగడ్డ చేరాక, షావుకారు ఎదురొచ్చి “ఉడికిందా?” అని ఆశగా అడిగితే, “అమ్మేది ల్యా, పోయి రా నాయనా” అని మాత్రం అన్నాడు.

సారమ్మకు ఆయన క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. కమిటీ పుస్తకంలో ‘దైవకృప వలన బండి బాగుపడినది’ అని రాసుకున్నాడట. రాసుకోనీ అంది సారమ్మ. బుధవారం పొద్దున్నే క్యాను పట్టుకుని ఆమె కాలవకు దిగుతుంటే సారు గట్టుమీద నిలబడి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఎనభై ఆరుదాకా ఆ జీపు వారానికి రెండుసార్లు ఆ ఎత్తు ఎక్కింది.

ఇదమ్మా సంగతి. ఆళ్లగడ్డలో ఇప్పుడెవరినన్నా అడగండి, నంద్యాల మెకానిక్కు బాగుచేశాడంటారు, లేదా డ్రైవరు తెలివైనవాడంటారు. మీరు మాత్రం అట్లా చెప్పకండి. గుర్తు పెట్టుకోండి, మీ పిల్లలకు చెప్పండి, వాళ్లను కూడా సరిగ్గా చెప్పమనండి: సున్నాన్ని కొరికి చూసింది సారమ్మ. బకెటకు అడ్డం నిలబడింది సారమ్మ.