గమ్మునుండే పాప

జమ్మలమడుగు బాలికల పాఠశాలలో లీలమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న కాలంలో ఆమె వరండాలోకి అడుగు పెడితే చాలు, తరగతి గదులు మూగబోయేవి. పదవీ విరమణ చేసి ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర స్థిరపడ్డాక ఆ శాసనమే ఇంట్లోనూ అమలైంది. కుక్కరు కూడా అత్తను అడిగే కూస్తుందని కోడలు రెబెకా నవ్వేది, అత్త చెవిన పడకుండా.

అటువంటి ఇంట్లో నోరు మెదపని మనుమరాలు వెలిసింది. పేరు జీవిత. నెల తిరగకముందే నగరంలో గుండెకు ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చినది మొదలు ఆ పాప పాలకు ఏడవదు, పక్క తడిసినా ఏడవదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారి ప్రసంగం ఎంత సాగినా కళ్లు మూసుకొని పడుకుంటుంది. పక్క బెంచీల తల్లులు ఏడ్చే బిడ్డలను చంకనెత్తుకొని బయటికి పరుగెత్తుతుంటే, లీలమ్మ మెడ మరో బెత్తెడు పొడవయ్యేది.

ఆ ఘనత పులివెందుల దాకా ఫోనులో వెళ్లింది. అక్కడి చీనీ, అంటే బత్తాయి, తోటల ఆసామి ఇల్లాలు పద్మావతమ్మ, ఆసుపత్రి వరండాలో పరిచయమైన మనిషి. ఆమె మనుమడు పవన్‌కూ అదే వార్డులో గుండె బాగుచేశారు.

"ఏం చెప్పల్ల టీచరమ్మా! మావాణ్ని గండికి తీసకపోతే ఆంజనేయసామి గుళ్లో ఒగటే అరుపు. పూజారే జడుసుకున్యాడు."

"మా జీవిత చర్చిలో ఉన్నట్టే తెలీదమ్మా. అంతా పెంపకం."

"నెలల బిడ్డకు పెంపకమేంది తల్లీ!" అని అవతలి గొంతు పకపకా నవ్వింది. ఓర్వలేనితనమని లీలమ్మ సరిపెట్టుకుంది.

మరునాడు పాలు పడుతూ రెబెకా నోరు విప్పింది. "అత్తా, ఈ నెమ్మది నాకు నచ్చల్యా."

"ఏడ్చే పిల్లల తల్లులు ఏడుస్తారు. ఏడవని పిల్ల తల్లికీ ఏడుపేనా?"

"రొమ్ము నోట్లో పెట్టుకోనే నిద్రపోతాది. ఒళ్లు సల్లగుంటాది. ఆపరేషనుకు ముందు ఊపిరి చాలకపోయినా, ఒళ్లు నీలంగా తిరిగేదాకా గొంతు చించుకునింది గదా! గుండె చెడినప్పుడుండిన గొంతు, గుండె బాగైనాక యాడికి పాయ?"

లీలమ్మ గద్దించబోయి ఆగింది. తప్పుడు జవాబుకు ఆమె ఏనాడూ మార్కు వేయలేదు. కానీ సరైన ప్రశ్నను తోసిపుచ్చడం కూడా ఆమె వల్ల కాలేదు. ఉయ్యాల మీదికి వంగి, "జీవితా" అని పిలిచింది. పాప కళ్లు ఎక్కడో లోతు నుంచి తేలినట్టు నెమ్మదిగా తెరుచుకొని, ఆమెను చేరకముందే వాలిపోయాయి. తాను ఇన్నాళ్లూ ఊరంతా చాటింది బిడ్డ గుణాన్నా, బిడ్డ జబ్బునా?

"ఆటోను పిలువు" అంది.

పిల్లల డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. పాపను చూసి, గుండె చప్పుడు విని, చక్కగా కొట్టుకుంటోందన్నాడు.

"గుండె సంగతి కాదు నాయనా. ఈ మత్తేంది?"

"ఆపరేషన్ సమయంలో రక్తాన్ని యంత్రం గుండా తిప్పుతారు కదమ్మా. ఆ దెబ్బకు థైరాయిడ్ హార్మోను పడిపోతుంది, అది తగ్గితే ఇలా మత్తుగా ఉంటారు. చర్మం పైన పూసే అయోడిన్ మందు కూడా పసిపిల్లల్లో ఆ గ్రంథిని కొన్నాళ్లు అణచవచ్చు. చాలామందిలో దానంతటదే కోలుకుంటుంది."

"ఈ బిడ్డకు కోలుకునిందా?"

"కోలుకునే ఉంటుంది."

"ఉంటుందంటే? చూసిందెవురు?"

డాక్టరు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"కోలుకోకపోతే ఏమవుతాది?" అంది రెబెకా.

"మెదడు ఎదిగే వయసమ్మా. ఆలస్యమైతే ఆ లోటు తర్వాత పూడదు."

లీలమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నా సర్వీసులో పరీక్ష పెట్టకుండా ఒక్కరినీ పాస్ చేయలేదు. నా మనుమరాలినీ చేయనీయను. రక్తం తీయించు."

అతను చీటీ రాశాడు. ఫలితం వచ్చాక తానే ఫోను చేసి రమ్మన్నాడు. హార్మోను అడుగంటి ఉంది. రోజూ ఉదయం చిన్న మాత్రను పొడిచేసి, తల్లిపాలలో కలిపి చెంచాతో పట్టాలి. మధ్య మధ్య రక్తం చూడాలి. వేళకే వచ్చారు కనుక భయం లేదు. "బాగా కనిపెట్టారు టీచరమ్మా" అన్నాడు మెచ్చుకోలుగా.

ఆ మెప్పును ఉంచేసుకోవడం ఎంత సులువో లీలమ్మకు తెలుసు. గదిలో కాదనేవాళ్లు ఎవరూ లేరు. రెబెకా అసలే అనదు.

"నేను కాదు. నేను జబ్బుకు గుడ్ కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చినదాన్ని. కనిపెట్టింది మా కోడలు. తల ఎత్తు రెబెకా, నిన్ను గురించే చెప్తాండా."

ఇంటికి వెళ్లగానే పులివెందులకు ఫోను కలిపింది. పెంపకమని డంబాలు పలికిన నోటితోనే ఉన్నదున్నట్టు చెప్పి, "పవన్‌కూ ఆ పరీక్ష చేయించు పద్మావతమ్మా" అంది.

"పైకప్పు లేచిపోయేట్టు అరిచేవానికి పరీక్షేంది? మా వంశంలో అట్లాంటివి ల్యావు."

"వంశాన్ని చూడమన్నానా? రక్తాన్ని చూడమన్నా. గమ్మునుండే పిల్లకైనా, గోల చేసే పిల్లోనికైనా పరీక్ష ఒకటే. చేయించేదాకా రోజూ ఫోను చేస్తా."

చేసింది కూడా.

కొన్ని వారాలకు అటునుంచే ఫోను మోగింది. "నీ పోరు పడలేక కడపలో రక్తం తీయించినాం. అంతా సమంగా ఉందంట! సూది పొడిపించినానని వాడు నా మొగం చూడల్యా. ఇప్పుడేమంటావు?"

"పాసైనాడంటా. శానా సంతోషం."

ఆ మాట పూర్తి కాకముందే లోపలి గదిలోంచి ఒక కేక లేచింది. పాలు ఆలస్యమైనందుకు జీవిత ఇల్లు ఎత్తి కుదేస్తోంది. "ఫోన్లో ఉండారా అత్తా, పెరట్లోకి తీసకపోతా" అంటూ రెబెకా పాపతో గుమ్మం దాటబోయింది. లీలమ్మ చేయి అడ్డం పెట్టి దగ్గరికి పిలిచింది.

"ఎవురమ్మా ఆ గొంతు?" అంది పద్మావతమ్మ.

"మా జీవిత" అని ఫోనును పాప నోటి దగ్గర పెట్టింది లీలమ్మ.

"చెవులు పగులుతాండాయి, తియ్యి తల్లీ!"

లీలమ్మ తీయలేదు.