నేల తెలియని కాళ్ళు

సుల్తానాబాద్ బయట ఉన్న ఒక రైస్ మిల్లులో పేతురూ నేనూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే ముఠాలో హమాలీలం. యాభై కిలోల బస్తా వీపున వేసుకుని, లారీకి ఆనించిన పలక ఎక్కి, పైన అప్పజెప్పి దిగాలి. పలక వెడల్పు జానెడున్నర. నేను ఎప్పుడూ అతని వెనకే ఎక్కుతాను.

వానలు తగ్గాక ఒకరోజు అతని చెప్పు జారి కింద పడింది. అతను ఆగలేదు. ఒక కాలికి చెప్పు ఉండి, ఒక కాలికి లేకుండానే మూడు బస్తాలు మోశాడు. చెప్పు తెచ్చి ఇస్తే కాలు వంక చూసుకుని, అప్పుడే తెలిసినట్టు తీసుకున్నాడు. పాదం కింద మేకు గీరుకుని రక్తం కారుతోంది.

తర్వాతి వారం పని దిగాక నల్లా దగ్గర ముఖానికి సబ్బు రుద్దుకుంటూ మోరీలో పడ్డాడు. లేపితే నవ్వాడు. రెండు రోజులకు మళ్ళీ అదే సబ్బు, అదే మోరీ. ఈసారి మా ముఠాలోని హనుమండ్లు ఊరుకోలేదు. "మీ చర్చి అయ్యగారు ద్రాక్షరసం జర ఎక్కువ పోసిండా ఏందే?" అన్నాడు. అందరూ నవ్వారు. పేతురు కల్లు వాసన కూడా పడని మనిషి.

ఆ నవ్వులాట మా ముఠా పెద్ద, ముకద్దం సదానందం చెవిన పడింది. మా ముఠాకు ఒక కట్టు ఉంది. తాగి పనికొస్తే పదిహేను రోజులు పని బంద్. హనుమండ్లుకు ఇప్పటికే రెండుసార్లు పడింది. అనుమానం వస్తే గుప్పెట్లో బియ్యం పోసి ఒట్టు వేయిస్తారు. పేతురు ఒట్టు వేయడు, వాళ్ళ గ్రంథంలో వద్దని ఉందట. సదానందానికి అది తెలుసు. మర్యాదగానే అడిగాడు.

"ఒట్టు వద్దు తియ్యి. మీ తీరుగనే ప్రార్థన జెయ్. మీ దేవుని ముంగట నిలవడి తాగలేదని చెప్పు, చాలు."

పేతురు ముఖంలో నెత్తురు లేదు. తలకు చుట్టిన తువ్వాల తీశాడు. చేతులు జోడించి కళ్ళు మూశాడు. "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాడు. అంతవరకే. ముందు నడుము ఊగింది, తర్వాత మోకాళ్ళు. పక్కనున్న బస్తాల మీద ఒరిగి పడ్డాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. దేవుని ముందే పడ్డాక ఇంక సాక్ష్యం ఎందుకు? పదిహేను రోజులు ఇంటి దగ్గర ఉండమన్నాడు సదానందం.

సాయంత్రం వాళ్ళింటికి పోయాను. అతని భార్య రిబ్కమ్మ తాంబాళంలో నీళ్ళు పోసి అతని పాదాలు కడుగుతోంది. నీళ్ళు వేడివో చల్లవో ఆయనకు తెలియదని ఆమే చెప్పింది. ఆరేళ్ళుగా షుగరట. దవాఖానలో డాక్టరు చెప్పిన సంగతి పేతురు మెల్లగా చెప్పాడు. మనిషిని నిలబెట్టేవి మూడట: కళ్ళు, చెవి లోపల తూకం చూసేదొకటి, కాళ్ళు. మూడూ తెచ్చిన కబురు కలుపుకుని మెదడు మనిషిని నిటారుగా ఉంచుతుందట. అతని కాళ్ళు కబురు పంపడం మానేశాయి. వాటి పని కూడా కళ్ళే చేస్తున్నాయి. కళ్ళు మూస్తే మిగిలిన ఒక్కటీ మోయలేకపోతోంది.

రేపే సదానందానికి చెబుతానన్నాను. రిబ్కమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"వద్దు సత్తార్ భాయ్," అన్నాడు పేతురు. "తాగినోణ్ని పదిహేను రోజులకు రానిస్తరు. కాళ్లు సచ్చినోణ్ని ఎన్నడు రానియ్యరు."

"పలక మీద కండ్లల్ల చెమట వడితే?"

"కండ్లు మూయ."

"పడితే నువ్వొక్కనివే పడవన్నా. ఎనుక నేనుంట."

పేతురు తాంబాళంలోంచి పాదాలు తీసుకుని, "ఇంకేం పని వస్తది నాకు?" అన్నాడు.

రాత్రంతా ఆలోచించి, పొద్దున సదానందానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన కొట్టిపారేయలేదు, పేతురును పిలిపించాడు. పేతురు నేలను చూసుకుంటూ, అడుగు మీద అడుగు ఆనించి చూసుకుంటూ వచ్చాడు.

"సత్తార్ నా మీది ప్రేమతోని, పావురంతోని చెప్తుండు. నేను తాగిన."

అతను అబద్ధం ఆడడని అందరికీ తెలుసు. అందుకే నమ్మారు.

ఆ ఆదివారం చర్చిలో రొట్టె ఇచ్చే వేళకు అతను లేచి వెళ్ళలేదట, వెనక బెంచీలోనే కూర్చున్నాడట. అబద్ధమాడిన నోటితో అది తినకూడదట. రిబ్కమ్మ నాకు చెప్పి, ముఖం తిప్పుకుంది.

పదహారో రోజు బస్తా ఎత్తుకున్నాడు. వెనక నేను. పలక నడుమకు వచ్చేసరికి గాలి మళ్ళి ఊకదుమ్ము మా మీదికి లేచింది. నేను కళ్ళు చికిలించాను. అతను మూయలేదు. మూసి ఉంటే పడేవాడే, ఆగి నిలబడ్డాడు. కళ్ళ నీళ్ళు కారి అతని కాళ్ళ సందున పలక మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆ నీళ్ళలోంచి అతనికి పలక కనబడుతుందా? ఎవరూ వినకుండా అన్నాను.

"కుడికాలు పలక మీదనే ఉన్నదన్నా. ఎడమది ముంగటికెయ్. జర లోపలికి."

వేశాడు.

లారీ ఇంకా సగం కూడా నిండలేదు.