పందిరి బయటి లెన్సు

"చవగ్గా సూడు. మరీ ఎక్కువ దానికి పోవద్దు," అన్నాడు అమర్‌నాథ్ దోసె తుంచుకుంటూ. పదకొండేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను ఫలానాది కొనుక్కోమని తనంతట తానే చెప్పడం ఇదే మొదలు. అదీ నేను ఎన్నాళ్ళనుంచో మనసు పడ్డ వస్తువు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపించే టెలిఫోటో లెన్సు. చట్నీ వడ్డిస్తూ నవ్వబోయాను. ఎందుకు కొనమంటున్నాడో గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

పుంగనూరులో మా స్టూడియో బోర్డు మీద ఆయన పేరే ఉంటుంది. పెళ్ళిళ్ళలో వీడియో ఆయన తీస్తాడు, ఫొటోలు నేను తీస్తాను. ఆల్బం డిజైను కూడా నాదే, అంట్లు తోమి, పిల్లదాని హోంవర్కు అయ్యాక. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి ఆడ ఫొటోగ్రాఫరే రావాలని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు కాబట్టి సగం బేరాలు వచ్చేది నా మొహం చూసే. అయినా ఎవరైనా అడిగితే ఆయన, "మా ఇంట్లోవాళ్ళు కూడా హెల్పుకు వస్తారు" అంటాడు. హెల్పట!

బుకింగ్ కుదిరిన ప్రతిసారీ మా అత్త రాజేశ్వరమ్మ మొదట అడిగే మాట ఒకటే. "ఆ పొద్దుకు నువ్వు బయట చేరవు కదా మే?" నెలసరి వస్తే మా ఇంట్లో పూజగది వైపు పోకూడదు, పెళ్ళి పందిట్లో కాలు పెట్టకూడదు. స్టూడియో క్యాలెండరులో ముహూర్తాల పక్కన నా తేదీలకు ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తులుంటాయి. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన ప్రతివాడూ వాటిని చూసి పోతాడు.

పోయిన నెల కుప్పంలో ఒక పెళ్ళి. ముహూర్తానికి గంట ముందు నాకు మొదలైంది. చుట్టరికం కొద్దీ అత్త కూడా వచ్చి ఉంది కదా, అలవాటు కొద్దీ వెళ్ళి ఆమె చెవిలో చెప్పాను. ఆమె పెళ్ళికూతురి తల్లితో నలుగురికీ వినపడేట్టు, "మా కోడలు బయట ఉండాది, పందిట్లోకి రాదు. ఆడ్నించే తీస్తాది" అనింది. ఆ తల్లి నానుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పటిదాకా ఆమె కూతురి జడకు పూలు సర్దింది ఈ చేతులే. కుర్చీల వరసలన్నీ దాటి, ముప్పై అడుగుల దూరంలో నిలబడి, ఉన్న చిన్న లెన్సుతోనే తాళి కట్టడం తీశాను. ఫొటోలో పెళ్ళికొడుకు వీపూ, అక్షింతలేసే చేతులూ పడ్డాయి. పెళ్ళికూతురి మొహం గోరంత. ఆల్బం చూసి వాళ్ళు తిట్టిన తిట్లు ఆయన తిన్నాడు, ఇంటికొచ్చి నాకు వడ్డించాడు. రెండు రోజుల తర్వాత ఆయనకే ఈ ఉపాయం తట్టింది. "దూరం నుంచి తీసే లెన్సు ఒకటి కొనిపడేస్తే సరిపోలా? నెలనెలా ఈ పంచాయితీ యాల?" నాకు మేలు చేస్తున్నాననే నమ్మాడు పాపం. అదే నాకు ఇంకా మంట.

రేపు కుప్పంలోనే ఇంకో పెళ్ళి. అందుకే ఈ పొద్దు మదనపల్లె బస్సెక్కాను. బస్టాండులో దిగి బాత్రూముకు పోతే తెలిసింది, ఈసారీ ముందే వచ్చేసింది. ఇంటికి పోగానే చెప్పాలి అనుకున్నాను, ఎప్పటిలాగే.

సెకండ్‌హ్యాండు కెమెరాలమ్మే వెంకటస్వామి మూడు లెన్సులు ముందు పెట్టాడు. "ఇది అన్నింటికంటే చవక. కానీ చేతి వణుకును తట్టుకోదు, బొమ్మ అలుక్కుపోతాది. ఇది పాతదమ్మా, నీ కెమెరాకు తగిలిస్తే ఫోకసు చేత్తో తిప్పుకోవాల. ఈ రెండొందల యాభై ఎమ్మెమ్‌ది తీసుకో. వాడినదే, అయినా గీత పడలేదు." మూడోదాన్ని కెమెరాకు బిగించుకుని గుమ్మంలోకి వచ్చాను. వీధి చివర టెంపోలో టమోటా క్రేట్లు ఎక్కిస్తున్న ఒకామె నా కంటి ముందుకు వచ్చేసింది. ముక్కుపుడక, చెమట, పక్కామెతో ఏదో అని పగలబడి నవ్వడం, అన్నీ. నా ప్రాణం లేచొచ్చింది. ఇది నాక్కావాలి అనుకున్నాను.

"దేనికమ్మా, హార్స్లీ హిల్స్‌లో పిట్టల్ని తీసేదానికా?"

"పెళ్ళిళ్ళకు."

"పెళ్ళిళ్ళకా!" వెంకటస్వామి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఫొటో తీసే మనిషి మంటపం మిందనే కదా ఉండేది? ముందర నిలబడేటోళ్ళకు ఇంత లెన్సు యాల? దూరం లాగే కొద్దీ వెలుతురు సాలదు, బొమ్మ గరుకైపోతాది."

మాట మార్చి, తాగడానికి నీళ్ళడిగాను. వెంకటస్వామి తాను తాగే బాటిలే ఇచ్చాడు, తాగాను. గల్లాపెట్టె మీది దేవుడి పటానికి జానెడు దూరంలో నా చెయ్యి ఉంది. వచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నామె తన పసిబిడ్డను నా ఒళ్ళో పెట్టింది, అప్పటికే మొదలైందేమో నాకే తెలియదు. ఎవరికీ తెలియలేదు. నేను నోరు విప్పితే తప్ప ఎవరికీ తెలిసే దారే లేదు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా నేనే పోయి చెప్పుకుంటున్నాను, చెప్పి నేనే బయట నిలబడుతున్నాను. ఇప్పుడీ లెన్సు కొంటే ముప్పై అడుగులు అరవై చేస్తారు. ఫొటో బాగానే వచ్చింది కదా, నీకేం కష్టం అంటారు. లెన్సును ఊడదీసి బల్ల మీద పెట్టాను. వదలబుద్ధి కాలేదు. సిగ్గులేకుండా కళ్ళలో నీళ్ళొచ్చాయి.

రోడ్డు మీదకు వచ్చేసరికి ఫోను.

"దొరికిందా?"

"పెళ్ళికి పనికొచ్చేది లేదు."

"అయితే రేపెట్ల మే? ఉండు, అమ్మ అడగమంటాంది." పక్కనుంచి అత్త గొంతు వినపడుతూనే ఉంది. ఆమె మాటనే ఆయన అడిగాడు. "నువ్వేమీ బయట చేరలేదు కదా?"

పొత్తికడుపులో నొప్పి మెలిపెడుతోంది. ఇంట్లో ఉండేది ఒకటే బాత్రూము. ప్యాడ్లు ఎక్కడ దాచాలి, రాత్రికి పూజగదిలో దీపం పెట్టమంటే ఏం చెయ్యాలి, పట్టుబడితే ఆ ఇంట్లో నా గతేమిటి? షాపు మెట్టు మీద కూర్చున్నాను.

"లేదు," అన్నాను. "రేపు తాళి కట్టేటప్పుడు మంటపం మీదే ఉంటాను."