రేకుకు అవతలి చేయి

ఠంగ్. మేస్త్రి సుత్తి ఎత్తాడు. మళ్ళీ ఠంగ్. షెడ్డు ముందు ఆరుబయట నిలిపిన పాత పికప్ బండి పైకప్పు మీద, ఎప్పుడో ఏదో పెద్ద బరువు పడి కుంగిన చోట, అంచుల నుంచి మధ్యకు చుట్టూ తిరుగుతూ కొట్టుకొస్తున్నాడు. ఖాళీ పీపాల మీద వేసిన చెక్క మీద నిలబడి, పొట్ట బండికి ఆనించి, ఒక కన్ను మూసి రేకు మీద వెలుతురు ఎలా పాకుతోందో చూస్తాడు. వెలుతురు ఎక్కడ వంకర తిరిగితే అక్కడ ఒక దెబ్బ వేస్తాడు. పొద్దున్నే మొదలుపెట్టిన పని, టీ వేళకు సగం కూడా కాలేదు.

బండి లోపల, సీటు పీకేసిన చోట అడ్డంగా వేసిన బల్ల మీద, ఆయన భార్య వెల్లకిలా పడుకుని ఉంది. అరచేతికి సరిపోయే ఇనుప దిమ్మను లోపలి నుంచి రేకుకు అదిమి పట్టుకుంది. పైన సుత్తి ఎక్కడ పడితే కింద దిమ్మ సరిగ్గా అక్కడ ఉండాలి. రెండింటి మధ్యా పడి నలిగితేనే రేకు మాట వింటుంది. ఆమె ఆయనకు కనబడదు, ఆయన ఆమెకు కనబడడు. సుత్తి ఎక్కడ పడబోతోందో మేస్త్రికే ఆఖరు క్షణం దాకా తెలియదు. ఆయనకు తెలిసేసరికి ఆమె చేయి అక్కడికి వెళ్ళి కూర్చుని ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లో మొదలైన పని ఇది. ఇప్పుడు ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది.

ఇదొక వింత అని ఆ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. పేరు మాత్రం మేస్త్రిది. "ఆయన చెయ్యి తగిలితే చాలండీ, రేకు దానంతటదే సాపు అయిపోతుంది" అని చెప్పుకునేవారు బండ్ల వాళ్ళు. షెడ్డు గుమ్మంలో ఆమె ఎదురుపడితే వాళ్ళు అడిగే మాట ఒక్కటే: "మేస్త్రిగారు లేరా అమ్మా?" లోకానికి ఎప్పుడూ బండి బయటి వైపే కదా కావలసింది!

అయితే ఈ బండి ఎవరిదో కాదు, వాళ్ళదే. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ బండ్లకు ఊపిరి పోయడమే గాని, తమకంటూ చక్రం ఉన్నదేదీ లేదు. పిల్లలు కూడా లేరు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే "మా పిల్లలంతా రోడ్ల మీద తిరుగుతున్నారు, హారన్ కొట్టి మరీ పోతుంటారు" అని ఆమె నవ్వేసేది. పాత ఇనుము కొట్లో, నుజ్జు చేయడానికి పక్కన పెట్టిన వాటిలో ఈ పికప్‌ను ఆమే చూసింది. "ఏమయ్యా, దీని ముఖం చూడు, ఎంత దిగులుగా ఉందో" అంది. తూకం ధరకే ఇంటికి వచ్చింది అది.

అప్పటి నుంచి తీరిక దొరికితే దాని మీదే పని. కుడి తలుపు ఒక ఆకుపచ్చ బండిది, ఎడమ తలుపు ఒక తెల్ల బండిది. ముందు బంపరు నీళ్ళ గొట్టం. దీపాల్లో ఒకటి గుండ్రం, ఒకటి పలక. సీటు ఏదో స్కూలు బస్సుది, ఇంకా గోడకు ఆనించే ఉంది. ఈమధ్యే ఇంజను దగ్గి, తుమ్మి, పొగ కక్కి, చివరకు పలికింది. ఆ రోజు ఆమె చప్పట్లు కొట్టి షెడ్డంతా తిరిగింది. పక్క షెడ్డు పెయింటరు ఆమెను అక్కా అంటాడు, అంచేత మేస్త్రి అతనికి బావ. అతనొచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బావా, ఇది బండా, కలగూర గంపా?" అన్నాడు.

"ఏం, నీ పెళ్ళి ఫొటో కన్నా బాగానే ఉంది పోరా" అంది ఆమె.

ఠంగ్. ఠంగ్.

"ఏమయ్యా" అని లోపలి నుంచి గొంతు వినబడింది.

"ఊఁ."

"నా అద్దం సంగతి ఏం చేశావ్?"

మేస్త్రి విననట్టు రెండు దెబ్బలు గట్టిగా వేశాడు.

"గట్టిగా కొడితే నా మాట వినబడదనా?"

షెడ్డు మూలన ఒక చదరపు అద్దం ఉంది. ఏదో బస్సు పైకప్పు నుంచి ఊడి వచ్చినది, రబ్బరు అంచుతో సహా చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని ఈ బండి పైకప్పుకు బిగించమని ఆమె పోరు. బిగించాలంటే రేకు కోయాలి. పేచీ అంతా అక్కడే. మేస్త్రి తుప్పు తిని చివికిపోయినదాన్ని ఎంతైనా కోసి పారేస్తాడు గాని, బాగున్న రేకు మీద రంపం పెట్టిన పాపాన ఎన్నడూ పోలేదు.

"వానొస్తే కారుతుందే."

"కారితే గొడుగు వేసుకుంటాను."

"ఇంత చాకిరీ చేసి సాపు చేసుకుని, నడిమధ్యన బొక్క పెట్టుకుంటామా? ఎవరన్నా వింటే నవ్విపోతారు."

"నవ్వనీ. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బండ్ల కడుపుల్లో పడుకుని రేకే చూశాను. మన బండిలోనూ రేకే చూస్తూ కూర్చోమంటావా?"

మేస్త్రి మళ్ళీ సుత్తి ఎత్తాడు. "ముందిది కానీ, తర్వాత చూద్దాం" అన్నాడు.

"నీ తర్వాత సంగతి నాకు తెలీదూ" అని ఆమె దిమ్మ జరుపుకుంది.

పెయింటరు టీ తెచ్చాడు. ఆమె బండిలోంచి దిగి, మెట్టు మీద కూర్చుని, గ్లాసు పక్కన పెట్టి భుజం నొక్కుకుంది. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఏంటక్కా, చెయ్యి నొప్పా?"

"నొప్పి లేని రోజేదో చెప్పు, ఆ రోజు పండగ చేసుకుందాం" అంది. టీ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మేస్త్రి చేతిలోంచి సుత్తి లాక్కుంది. "ఇవాళ నువ్వు పడుకో. నేను కొడతా."

"నీకేమన్నా పిచ్చా?"

"ఆ అద్దం నాకెందుకు కావాలో అక్కడ పడుకుంటే గాని నీకు బుర్రకెక్కదు."

"వెళ్ళు బావా, భయమా?" అని పెయింటరు ఎగదోశాడు. మేస్త్రి గొణుక్కుంటూ తలుపు తెరిచి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇన్నేళ్ళలో బండి లోపల తల పెట్టి చూశాడే తప్ప, పనివేళ ఇలా పడుకున్నది లేదు. కిటికీలకు దుమ్ము పడకుండా గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. లోపల చీకటి, ఉడుకు, తుప్పు వాసన. ఈ ఇరుకులో ఇది రోజంతా ఎలా ఉంటుందిరా బాబూ అనుకున్నాడు.

అప్పుడు కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. రేకు నిండా వెలుతురు చుక్కలు! తుప్పు తిన్న చోటల్లా సూది మొనంత కంత, కంతకొక ఎండ పోగు. కొన్ని గుంపులుగా, కొన్ని ఒంటరిగా, మధ్యలో ఒక వంకర బారు. ఆ పోగులు దిగి ఆయన ఛాతీ మీద, చేతుల మీద వాలి ఉన్నాయి. దుమ్ము వాటిలో నిదానంగా పైకి పోతోంది. మేస్త్రికి తను రోజూ నిలబడి కొట్టే రేకుకు అవతల ఇంత ఉందా అని ఒళ్ళు జలదరించింది.

"ఏమేవ్! ఇక్కడ చుక్కలున్నాయే!"

"ఇన్నాళ్ళకు కనబడ్డాయా? ప్రతి పాత బండిలోనూ ఉంటాయి. నువ్వు తుప్పంటావు, వెల్డింగు పెట్టి మూసేస్తావు" అని పైనుంచి ఆమె గొంతు వచ్చింది. "కబుర్లు చాలు, దిమ్మ పెట్టు."

ఆయన దిమ్మ పెట్టాడు. సుత్తి ఇంకెక్కడో పడింది. డబ్. ఠంగుమనాల్సిన రేకు డబ్బుమని లోపలికి కుంగింది. మోత మాత్రం గంటలో తల పెట్టినట్టు చెవుల్లో దూరింది. దిమ్మను అక్కడికి జరిపేలోగా రెండో దెబ్బ మరోచోట పడింది. డబ్. మూడోది బొటనవేలి పక్కనే పడింది.

"పెట్టవయ్యా దిమ్మ!"

"ఎక్కడ పెట్టమంటావ్? నువ్వెక్కడ కొడతావో నాకేమన్నా కలలోకొస్తుందా?"

పైన అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకటే నవ్వు. మేస్త్రి చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు. ఆమె చేతికేసి చూశాడు. అరచెయ్యి గట్టిపడి, బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది.

"నీకెలా తెలుస్తుందే?"

"ఏది?"

"నేనెక్కడ కొడతానో."

ఆమె ఎప్పుడూ ఆలోచించని విషయం అడిగినట్టు ఆయనకేసి చూసింది. "ఏమో. నువ్వు ఊపిరి లాగుతావు. చెక్క కిర్రుమంటుంది. నీ పొట్ట ఏ పక్కకి ఒత్తుకుంటే రేకు ఆ పక్క కొంచెం బరువెక్కుతుంది, చేతికి తెలిసిపోతుంది. కోపంగా ఉన్న రోజు ఎడమకి కొడతావు. మీ అమ్మ పోయినప్పుడు చాన్నాళ్ళు నీ దెబ్బ కుడికే పోయేది. కొట్టాల్సిన చోట కొట్టేవాడివే కాదు. నేనే కిందనుంచి కొంచెం కొంచెం ఎత్తి సరిచేసుకుంటూ వచ్చాను."

"మరి నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

"అంటే నీ చెయ్యి బెదిరిపోదూ!"

మేస్త్రికి ఆ రోజుల్లో సాపు చేసిన బండ్లు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. ఆ తలుపులు, ఆ బానెట్లు, వాటి మీద చెయ్యి వేసి జనం "ఆహా" అనడం, తను మీసం దువ్వుకోవడం. సిగ్గేసింది. సిగ్గు కన్నా ఎక్కువగా, ఇంత పెద్ద విద్య తన ఇంట్లోనే అన్నం వండుకుంటూ తిరిగిందా అని గుండె నిండిపోయింది. ఏదో గొప్ప మాట అందామనుకున్నాడు. "సరేలే, అద్దం పెడదాం" అన్నాడు.

"ఇప్పుడే గీత గియ్యి. నీ మాట మీద నాకు నమ్మకం లేదు."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకుంది. మేస్త్రి సుద్దముక్క పట్టుకుని చెక్క ఎక్కాడు. లోపలి నుంచి ఆమె వేలి కణుపుతో రేకును తట్టింది. "ఇక్కడొక మూల." ఆయన చుక్క పెట్టాడు. "ఇంకాస్త నా వైపు. అక్కడ కాదయ్యా, ఇక్కడ." టక్ టక్. అలా ఆమె తట్టిన చోటల్లా సుద్ద పెట్టి, చుక్కలు కలిపాడు. గీసిన చదరం నడుమే గుంట ఇంకా మిగిలి ఉంది.

"కోసేసే ముక్కేగా, ఇంక దీన్ని కొట్టడం ఎందుకు?" అన్నాడు పెయింటరు.

"నడుమ కుంగి ఉంటే కొయ్యగానే అంచులు మెలి తిరుగుతాయిరా. మీ అక్కకి వంకర కిటికీ పెట్టమంటావా?" అన్నాడు మేస్త్రి హుషారుగా. పెయింటరు గ్లాసులు తీసుకుని తన షెడ్డుకు పోయాడు.

ఠంగ్. ఠంగ్. ఇప్పుడు ఒక్కో దెబ్బా మేస్త్రికి కొత్తగా వినబడుతోంది. కావాలని ఆ మూలకొకటి, ఈ మూలకొకటి వేసి చూశాడు. ఠంగ్. ఎక్కడ వేసినా ఆమె అక్కడే ఉంది. చంటిపిల్లాడిలా నవ్వుకున్నాడు.

"పరీక్షలు పెడుతున్నావా?" అంది.

"లేదు లేదు. ఇది కాగానే ముందెక్కడికి వెళ్దాం?"

"ఎక్కడికీ వద్దు. ఊరి చివర పెద్ద రోడ్డెక్కి నువ్వు నడుపుతూ ఉండు. నేను పైకి చూస్తూ ఉంటా."

"అంతేనా?"

"అంతే. చాలదూ?"

గుంట అరచేతి వెడల్పుకు తగ్గింది. దెబ్బ వెంట దెబ్బ సరిగ్గానే పడుతోంది. మేస్త్రి ఊపిరి లాగి, కుడికి ఒరిగి, సుత్తి దించాడు.

డబ్.

"మళ్ళీ వేళాకోళమా?" అని నవ్వాడు. జవాబు కోసం చూశాడు. ఆవిడ ఏదో ఒకటి అనకుండా ఉండే మనిషి కాదు. బండి లోపల ఇనుప దిమ్మ నేల మీద దొర్లి ఆగిన చప్పుడు వినబడింది.

"ఏమేవ్."

ఆయన చెక్క దిగి తలుపు తెరిచాడు. ఆమె కళ్ళు తెరిచి పైకి చూస్తూనే ఉంది. ముఖాన బాధ జాడ లేదు. ఎండ పోగు ఒకటి బుగ్గ మీద, ఒకటి మెడ మీద వాలి ఉన్నాయి. పెయింటరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తర్వాత డాక్టరు వచ్చి, గుండె ఆగిందనీ, నొప్పి కూడా తెలిసి ఉండదనీ చెప్పాడు. చివరి దెబ్బకు ముందు దెబ్బ దాకా దిమ్మ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉందని మేస్త్రి ఆయనకు చెప్పాడు. డాక్టరుకు అర్థం కాలేదు, అయినా తల ఊపాడు.

అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మేస్త్రి షెడ్డు తలుపు తీశాడు. బయట బండి మీద సుద్ద గీత చెరిగిపోలేదు. చదరం నడుమ గుంటలో, ఆఖరి దెబ్బ పడిన చోటు స్పష్టంగా తెలుస్తోంది.

"బావా, నేను దిమ్మ పట్టుకుంటాను, సాపు చేసి కోద్దామా?" అన్నాడు పెయింటరు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. బాగున్న రేకు మీద ఎన్నడూ రంపం పెట్టని మనిషి, ఆమె తట్టి చూపిన గీత వెంట చెయ్యి వణక్కుండా కోసుకుంటూ పోయాడు. మెలి తిరిగిన అంచులను ఓపిగ్గా తట్టి, అద్దం కూర్చి, రబ్బరు అంచు నొక్కాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఆ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన ఆకాశం ఉంది. ఒక తెల్లమబ్బు తొందరేమీ లేకుండా ఆ మూల నుంచి ఈ మూలకు పోయింది. ఆయన నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "ఎంత ఉందే!" అన్నాడు పైకే.

బయటికి వచ్చాక, కోసిన ముక్కను నేల మీద నుంచి తీశాడు. ఒక వైపంతా ఆయన సుత్తి మచ్చలు, నడుమ ఆ గుంట. తిప్పి చూశాడు. అవతలి వైపు, దిమ్మ తాకిన మేరంతా, మచ్చ పక్కన మచ్చ, ఎక్కడా వెలితి లేకుండా, వెండిలా తళతళలాడుతోంది. ఇనుము మీద ఇనుము అంత మెత్తగా రాసుకున్న పని ఆయన జన్మలో చూడలేదు. ఆమె కొంగు లాంటి మెత్తటి గుడ్డ ఏదీ దొరక్క, తన చొక్కా అంచుతోనే దుమ్ము తుడిచి, ఆ రేకు ముక్కను పనిబల్ల మీద పెట్టాడు, ఆమె వైపు పైకి వచ్చేలా.