ఆకుపచ్చ ఎలుగుబంట్లు

మా స్కౌటు దళంలో పిల్లలకి బ్యాడ్జీలిచ్చే సభ అంటే హార్లన్ చదవడం, మిగతావాళ్ళం కూచోవడం. ఆయన ఇరవై రెండేళ్ళుగా మా దళపతి. అంతకుముందు దాణా మిల్లులో బస్తాలు తూచేవాడు, ఆ ఓపిక ఇంకా పోలేదు. ఏ పిల్లవాడు ఏ ముడి వేశాడో, ఏ పిట్టని చూసి పేరు చెప్పాడో, ఫైలు ముందు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా చదువుతాడు. క్రితంసారి గంటన్నర పట్టింది. మా అమ్మాయి మారెన్ ఐస్‌క్రీం డబ్బా మీద తల వాల్చి నిద్రపోయింది. పేరు పిలిస్తే లేచి, చెంప మీద డబ్బా అంచు గుర్తుతోనే వెళ్ళి బ్యాడ్జీ తీసుకుంది.

ఇంటికి వెళ్తూ ట్రక్కులో చెప్పింది. "నాన్నా, ఈ ఏడు ఎలుగుబంట్లలోకి ఎక్కాక నేను మానేస్తా."

మా స్కౌట్లలో చిన్నపిల్లల తరగతులకి జంతువుల పేర్లు, తోడేళ్ళ మీద తరగతి ఎలుగుబంట్లు. మారెన్‌కి ఎనిమిదేళ్ళు. మాట అంటే మాటే, వాళ్ళమ్మ పోలిక. వాళ్ళమ్మ లోర్నా, నేను విడిపోయి మూడేళ్ళయింది. పిల్ల ఆవిడ దగ్గర ఊళ్ళో ఉంటుంది. రెండు వారాలకో ఆదివారం నాది, కానీ ఆ రోజు కూడా ఆవులకి రెండు పూటలా పాలు పితకాలి. మంగళవారం సాయంత్రం అలా కాదు. ఆ పూట పితుకుడు ముందే కానిచ్చి, స్నానం చేసి, పిల్లని స్కౌటు మీటింగుకి తీసుకెళ్తాను. తిరుగుదారిలో ఇద్దరం వేయించిన చీజ్ ముక్కలు తింటాం. పిల్లలకి గురువునైంది అందుకే గాని, ముళ్ళు వేయడం వచ్చి కాదు. అది మానేస్తే నా మంగళవారాలు పోయినట్టే.

ఈసారి సభ సరదాగా జరపాలని పట్టుబట్టాను. సరదా అంటే ఏమిటో మారెన్‌నే అడిగాను. వేళ్ళు మడిచి చెప్పింది: ఎవరూ చదవకూడదు, అందరికీ ఏదో ఒకటి అంటుకోవాలి, ఆకలేసేలోపు అయిపోవాలి. ఇన్నేళ్ళ వ్యవసాయంలో ఇంత స్పష్టంగా నాకు పని చెప్పినవాళ్ళు లేరు.

హార్లన్ ఇంటికి వెళితే పెరట్లో పిట్టలకి గింజలు పోస్తున్నాడు. అంతా విని, తాపీగా ఆలోచించి, "సరదాకి నేనేం అడ్డం కాదోయ్ డ్యూయేన్. కార్యక్రమం అయ్యాక పెట్టుకోండి" అన్నాడు.

బేరం గంటసేపు నడిచింది. ఆయన మొత్తం ఫైలు దగ్గర మొదలుపెట్టాడు, నేను సున్నా దగ్గర. చివరికి ఒక్క కాగితానికి ఒప్పుకున్నాడు. పాత ఫైల్లోంచి ఆయనే తీశాడు, ముఖానికి రంగులు దిద్దే తతంగం. నుదుటికీ ముక్కుకీ నీలం, ధైర్యానికి. రెండు చెంపలకీ పసుపుపచ్చ, ఉల్లాసానికి. రంగు పూసేటప్పుడల్లా ఒక వాక్యం చదవాలి. ఆయనకి చదివేది దొరికింది, మా అమ్మాయికి అంటుకునేది దొరికింది.

సభ మే నెలలో, శనివారం మధ్యాహ్నం, చర్చి నేలమాళిగలో. మర్నాడు పొద్దున పైన అదే చర్చిలో పిల్లల మొదటి దివ్యసత్ప్రసాదం, ఫాదర్ చేతి రొట్టె తొలిసారి అందుకునే వేడుక. మా ఎనిమిది మంది ఎలుగుబంట్లలో ఆరుగురు తెల్ల బట్టలు కట్టుకుని అక్కడ నిలబడాల్సినవాళ్ళే, మారెన్‌తో సహా. నాకు తెలీక కాదు. పిల్లల ముఖం రంగు సబ్బుతో పోతుందనీ తెలుసు. రెండూ తెలిసే ఒప్పుకున్నాను.

తీరా శనివారం తొలిచూలు పెయ్య ఒకటి ఈనడానికి మధ్యాహ్నమే ముహూర్తం చూసుకుంది. దూడ బయటపడేసరికి ఆలస్యమైంది. పరుగున చర్చికి వచ్చి చూసుకుంటే రంగుల పెట్టె మా పాలగది కిటికీలో ఉండిపోయింది. ఇక్కడ పిల్లలు వరస కట్టారు, హార్లన్ కళ్ళజోడు పెట్టేసుకున్నాడు. ట్రక్కు సీటు కింద వెతికితే రెండు రంగు కడ్డీలు దొరికాయి. ఆవులకి గుర్తులు పెట్టేవి. ఒకటి నీలం, ఒకటి పసుపుపచ్చ. కావలసినవి సరిగ్గా అవే. మా ఆవులకి వాటితో ఏనాడూ ఏమీ కాలేదు కదా అనుకున్నాను.

సభ మాత్రం అదిరిపోయింది. గడ్డి మోపుల మీద టార్పాలిన్ కప్పి గుహ కట్టాం. పిల్లలు ఇటు తోడేళ్ళుగా దూరి, అటు ఎలుగుబంట్లుగా పాక్కుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్ళకి నేను రంగు దిద్దుతున్నాను. హార్లన్ గొంతు సవరించుకుని, "నీలం, ధైర్యానికి" అని చదివాడు.

వెనక బల్ల మీంచి ప్రిబిల్ అనే ముసలి పాడిరైతు, తన మనవడి ముఖం చూసి, "మా కొట్టంలో నీలం పూస్తే చూలు కట్టిందని" అన్నాడు.

హాలు హాలంతా పడీపడీ నవ్వింది. హార్లన్ ఎర్రబడ్డాడు. తర్వాత కాగితం దించి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, అందులో లేని మాట మాట్లాడాడు. "మరి పసుపుపచ్చ?"

"వట్టిపోయిందని."

పాతిక నిమిషాల్లో అంతా అయిపోయింది. బన్నుల్లో పెట్టే మాంసం కూర ఇంకా పొగలు కక్కుతోంది. మారెన్ వచ్చి నా చొక్కా పట్టుకుని, మళ్ళీ మొదట్నుంచి చేద్దామా అని అడిగింది. మంగళవారాలు దక్కాయనుకున్నాను.

అప్పుడు ఒక తల్లి తడి గుడ్డతో కొడుకు చెంప తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. గుడ్డని చూసింది, కొడుకుని చూసింది, నన్ను చూసింది. నేను ట్రక్కు దగ్గరికి వెళ్ళి కడ్డీ మీద రాసింది చదివాను. ఎండకీ వానకీ రాపిడికీ వారాల తరబడి చెక్కుచెదరదట. కొన్న రోజున ఆ మాట చూసే కొన్నాను.

నాలుగింటికి లోర్నా పిల్ల కోసం వచ్చింది. మా కొట్టంలో తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి, ఒక్క చూపు చాలు.

"డ్యూయేన్, ఇది ఆవుల కడ్డీ" అంది.

అవునన్నాను. తను విషప్రమాదాల సహాయ కేంద్రానికి ఫోను చేసింది. చర్మానికి ప్రమాదమేమీ లేదు, నూనో వెన్నో రాసి మెల్లగా తుడవమని అక్కడి ఆవిడ చెప్పిందట. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడిందట కూడా. లోర్నాకి ఆ కష్టం లేదు, నవ్వే రాలేదు.

చర్చి వంటగదిలో ఉన్న వెన్నంతా బయటికి తీశాం. తల్లులూ తండ్రులూ బల్లల దగ్గర వరసగా నిలబడి రుద్దారు. నుదుటి నీలం కిందికి దిగింది, చెంపల పసుపు పైకెక్కింది, రెండూ ముక్కు దగ్గర కలిశాయి. అరగంటలో ఎనిమిది మందీ గడ్డం దాకా ఆకుపచ్చగా తయారయ్యారు.

లోర్నా రుద్దడం ఆపకుండానే మెల్లగా అంది. "రేపు తీసే ఫొటో మా అమ్మ గోడకెక్కుతుంది. ఆ గోడకి ఎదురుగా కూచుని నేను ప్రతి క్రిస్మస్‌కీ అన్నం తినాలి. మంగళవారాల సంగతి మనం మాట్లాడుకోవాలి."

ఇంకో పావు వెన్న తీసిచ్చాను.

ఆదివారం ఆరుగురు పిల్లలు తెల్ల బట్టల్లో, లేతాకు రంగు ముఖాలతో, వెన్న వాసన కొడుతూ నడిచి వచ్చారు. ఫాదర్ కొత్తవాడు, ఆ చలికాలంలోనే మా ఊరొచ్చాడు. మొదటివాడు ప్రిబిల్ మనవడు. ఫాదర్ వాడి మీదికి వంగి, కడుపులో తిప్పుతోందా, కాసేపు కూచుంటావా అని గుసగుసగా అడిగాడు.

"బాగానే ఉంది ఫాదర్. నేను ఎలుగుబంటిని" అన్నాడు వాడు, చివరి వరసదాకా వినబడేలా.

ఫాదర్ రెండోవాణ్ణి చూశాడు. మూడోదాన్ని చూశాడు. ఇక అడగడం మానేశాడు.

అయ్యాక మెట్ల మీద లోర్నా నా దగ్గరికొచ్చింది. నేను చెప్పుకోవలసిన మాటలు నాలుగు సిద్ధం చేసుకున్నాను, ఒకటీ అవసరం పడలేదు. మారెన్ పొద్దున్నుంచీ ఒకటే పాటట, వచ్చే ఏడు సభలో గుహ ఇంకా పొడుగ్గా కట్టాలని. మానడం మాటే మర్చిపోయిందట.

"దాన్ని మాన్పించడం నా వల్ల కాదు" అంది లోర్నా. "నీ మంగళవారాలు నీకే ఉంటాయి. కానీ నిన్ను నమ్మి పంపను. నేనూ వస్తా."

"ప్రతి మంగళవారమా?"

"నేనూ గురువుగా చేరతానని హార్లన్ గారి దగ్గర నిన్ననే సంతకం పెట్టేశా."

విడిపోయిన భార్యతో వారానికో సాయంత్రం, మధ్యలో ఎనిమిది మంది పిల్లలు. పెళ్ళిలో ఉన్నన్నాళ్ళూ ఇంత పద్ధతిగా కలిసి కూచున్నది లేదు. మొదటి మంగళవారం పిట్టగూళ్ళు చేయించే పని. పిల్లలు చెక్కలు పేర్చుకున్నారు, నేను చొక్కా జేబులోంచి జిగురు తీశాను. బల్ల అటువైపు నుంచి లోర్నా, మామూలుగా దాన్ని దేనికి వాడతావని అడిగింది.

"ఆవుల గిట్టలకి" అన్నాను.

చెయ్యి చాపింది. ఇచ్చేశాను.